నోట్ల మీదున్న ఆరు కట్టడాల్లో పాపకు ముందు ఏది చూపించాలి?

బోడుప్పల్_నాన్న · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి చదువుతోంది. మొన్న సాయంత్రం వాళ్ల నానమ్మ పర్సులో ఉన్న నోట్లన్నీ తీసి, వెనక్కి తిప్పి చాప మీద వరుసగా పరిచింది. 10 మీద కోణార్క్ చక్రం, 20 మీద ఎల్లోరా, 50 మీద హంపి రాతి రథం, 100 మీద రాణీ కీ వావ్, 200 మీద సాంచి స్తూపం, 500 మీద ఎర్రకోట. "నాన్నా, వీటిలో మనం ఎన్ని చూశాం?" అని అడిగింది. ఒక్కటీ చూడలేదు. నేనే కాదు, 68 ఏళ్ల మా అమ్మ కూడా చూడలేదు. రోజూ చేతులు మారే కాగితం మీద ఉన్నవే చూడలేదే అని ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఎలాగైనా ఈ ఆరూ ఇద్దరికీ చూపించాలని ఉంది. ఏడాదికి ఒక్క పెద్ద ప్రయాణానికే వీలవుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పోయినేడు మా బావమరిది వాళ్లు ఏదో ప్యాకేజీలో నాలుగు రోజుల్లో ఏడు ఊళ్లు తిరిగొచ్చారు. ఎల్లోరాలో ముప్పావు గంట ఆపారట. ఫొటోలు బోలెడు ఉన్నాయి గానీ ఏం చూశారో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. మాకు అలా వద్దు. దేంతో మొదలుపెట్టమంటారు?

---

పాతబస్తీ_పోరడు · శుక్రవారం రాత్రి 10:05

అన్నా, ముందుగాల మన చార్మినార్ సంగతి చెప్పు. పాపను పైకి ఎక్కిచ్చినవా? శానామంది గాజులు కొనుక్కొని, కింద నిలబడి ఫొటో దిగి పోతరు. లోపల మెట్లెక్కి చూస్తే గదా తెలిసేది. 1591ల కులీ కుతుబ్ షా కట్టిచ్చిండు. నోటు మీద లేదని తక్కువ గాదు. నిజాం కాలంల సిక్కా మీద చార్మినారే ఉంటుండె. మా తాత దగ్గర ఒకటుండె. చేతులల్ల అరిగి అరిగి మినార్లు నున్నగైనయి. వేలితోని తడిమితే ఇంకా తెలుస్తుండె.

---

చిక్కడపల్లి_టీచరమ్మ · శుక్రవారం రాత్రి 10:50

బాబూ, పాప అడిగిన ప్రశ్న చాలా మంచిది. నేను 31 ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఒక్కరోజు కూడా నాకు నోట్లు పరిచి పాఠం చెప్పాలని తట్టలేదు.

నా మాట వింటే 20 రూపాయల నోటుతో మొదలుపెట్టండి. 1983లో యునెస్కో మొదటిసారి మన దేశం నుంచి నాలుగింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది: తాజ్‌మహల్, ఆగ్రా కోట, అజంతా, ఎల్లోరా. ఈ నాలుగింటిలో రెండు ఒకప్పుడు మన హైదరాబాద్ రాజ్యంలోవే. ఔరంగాబాద్ ప్రాంతమంతా నిజాం ఏలుబడిలో ఉండేది. 1914లో ఇక్కడ పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీ గారికి అప్పగించారు. అజంతా గోడల మీద బొమ్మలు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంటే 1920లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి అతికించే పని చేయించారు. అప్పుడు పూసిన లక్కపూత తర్వాత పసుపెక్కి బొమ్మలను మసకబార్చింది, అది వేరే బాధ. కానీ ఆ పని అసలు చేయకపోయి ఉంటే ఈపాటికి ఎన్ని బొమ్మలు నేలరాలి ఉండేవో.

అందుకే ఎల్లోరాకు టికెట్టు తీయకముందు ఒక ఆదివారం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్లండి. అజంతా బొమ్మల నకళ్లు అక్కడున్నాయి. అమ్మగారు తీరిగ్గా చూడొచ్చు. మొదటి గుహలో చేతిలో తామరపువ్వు పట్టుకుని తల కాస్త వంచి నిలబడ్డ బోధిసత్వుడు ఉంటాడు. ఆ కళ్లు చూడమనండి పాపను. పైనుంచి కిందికి చూస్తున్నట్టు ఉంటాయి గానీ ఎవరినీ చూడవు.

---

కొండాపూర్_సంచారి · శుక్రవారం రాత్రి 11:20

టీచర్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, నకళ్లు చూపించి సరిపెట్టడం నాకు నచ్చదు. పిల్లలకు మొదటిసారి అసలుదే చూపించాలి. నేను ఎల్లోరాలో కైలాస గుడి ముందు నిలబడ్డప్పుడు మాట పడిపోయింది. ఏ ఫొటో, ఏ నకలూ ఆ పని చేయలేదు.

---

చిక్కడపల్లి_టీచరమ్మ · శనివారం ఉదయం 6:15

సరిపెట్టమనలేదు బాబూ, ముందు చూడమన్నాను. ఏం చూడాలో తెలియకుండా వెళ్తే ఆ ముప్పావు గంట కథే అవుతుంది. మీకు మాట పడిపోయిందంటే అప్పటికే దాని గురించి ఎక్కడో చదివి ఉంటారు.

---

కొండాపూర్_సంచారి · శనివారం ఉదయం 8:02

చదివాను, ఒప్పుకుంటున్నాను. అయితే నాకు తెలిసింది రాస్తాను.

ఎల్లోరాలో 34 గుహలు. 1 నుంచి 12 బౌద్ధులవి, 13 నుంచి 29 హిందువులవి, చివరి ఐదూ జైనులవి. నోటు మీదున్న కైలాస గుడి 16వది. 8వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలం నాటిది. మనం ఇల్లు కట్టేటప్పుడు పునాది ముందు, స్లాబు చివర. ఇక్కడ తలకిందులు. కొండ నెత్తిన మొదలుపెట్టి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. శిఖరం ముందు, పాదం చివర. ఒక్క ఉలి దెబ్బ తప్పినా అతికించడానికి రెండో రాయి లేదు. దాదాపు 30 మీటర్ల లోతు దాకా అలాగే దిగారు. ఆ వంశానిదే 9వ శతాబ్దపు రాగి శాసనం ఒకటి బరోడాలో దొరికింది. ఈ గుడి చెక్కించిన శిల్పే పని అయ్యాక "అరె, ఇది నేనెలా చేయగలిగాను" అని ఆశ్చర్యపోయాడని అందులో రాసి ఉంది.

పాప కోసం మూడు చెబుతా. గుడి అడుగున వరుసగా ఏనుగులు ఉంటాయి, గుడి మొత్తాన్ని అవే మోస్తున్నట్టు. దక్షిణం పక్క రావణుడు కైలాస పర్వతాన్ని ఊపుతుంటాడు, పార్వతి భయపడి శివుడి చెయ్యి పట్టుకుంటుంది. ఇక పక్క గోడల మీద రామాయణం, భారతం వరసలుగా చెక్కారు. ఆ వరసల దగ్గర అమ్మగారిని కూర్చోబెట్టండి. ఎవరు ఎవరో పాపకు ఆవిడే చెబుతారు, గైడు అక్కర్లేదు.

కాచిగూడ నుంచి అజంతా ఎక్స్‌ప్రెస్ ఉంది. ఎల్లోరాకు మంగళవారం సెలవు, అజంతాకు సోమవారం. ఈ రెండు రోజులూ చూసుకోకుండా వెళ్లి గేటు దగ్గర నుంచి తిరిగొచ్చినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు. 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశ టికెట్టు లేదు.

---

బన్సీలాల్‌పేట_వాసి · శనివారం ఉదయం 11:30

100 రూపాయల నోటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను చెబుతాను. దాని చుట్టం మా వీధిలోనే ఉంది.

రాణీ కీ వావ్ అంటే రాణిగారి మెట్లబావి. గుజరాత్‌లోని పాటన్‌లో ఉంది. 11వ శతాబ్దంలో ఉదయమతి అనే రాణి తన భర్త, సోలంకీ రాజు మొదటి భీమదేవుడి జ్ఞాపకంగా తవ్వించింది. ఏడు అంతస్తులు నేలలోకి దిగుతుంది. గుడిని తలకిందులు చేసి భూమిలో పెట్టినట్టు గోడల నిండా దేవతా విగ్రహాలు. తర్వాత సరస్వతీ నది వరదల్లో ఒండ్రు కప్పేసింది. వందల ఏళ్లు మట్టిలోనే ఉండటం వల్ల ఆ శిల్పాల ముక్కూ మొహం చెక్కుచెదరలేదు. 1980లలో పురావస్తు శాఖవాళ్లు పూర్తిగా తవ్వి బయటకు తీశారు. 2014లో యునెస్కో జాబితాలో చేరింది.

ఇప్పుడు మా బావి సంగతి. నేను పుట్టి పెరిగింది దాని పక్కనే. చిన్నప్పుడు అది బావి అని కూడా మాకు తెలియదు. చెత్తకుప్ప. ఇల్లు కూల్చిన ఇటుకలు, పాత పరుపులు, చచ్చిన కుక్కలు అన్నీ అందులోకే. వానాకాలం కిటికీ తెరవలేకపోయేవాళ్లం. అమ్మ సాయంత్రం అయ్యేసరికి వేపాకు పొగ పెట్టేది. తర్వాత శుభ్రం చేయడం మొదలుపెట్టారు. లారీల మీద లారీలు చెత్త పోయింది. నేను రోజూ ఆఫీసు నుంచి రాగానే డాబా ఎక్కి చూసేవాణ్ని. ఈరోజు ఒక మెట్టు కనిపించేది, వారానికి ఇంకో నాలుగు. ఒకనాడు రాతి స్తంభం ఒకటి బయటపడితే వీధంతా వచ్చి చూసింది. అడుగు దాకా వెళ్లాక ఊట మొదలైంది. మా అమ్మ ఆ రోజు పసుపు కుంకుమ తీసుకెళ్లి గట్టు మీద చల్లి వచ్చింది. 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. ఇప్పుడు సాయంత్రం పూట లైట్లు వేస్తే నీళ్లలో ఆ మెట్ల నీడ కదులుతూ ఉంటుంది.

గుజరాత్ వెళ్లేలోపు అమ్మగారిని, పాపను ఇక్కడికి తీసుకురండి. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర బడీ బావోలీ కూడా చూడండి. 2013 వానలకు అందులో ఒక పక్క కూలిపోతే మళ్లీ కట్టారు. ఆ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది.

---

బోడుప్పల్_నాన్న · శనివారం మధ్యాహ్నం 1:10

అన్నా, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. వేపాకు పొగ దగ్గర ఆగి, వాళ్ల ఊరి దిగుడుబావి గురించి అరగంట చెప్పింది. ఆ బావి ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

---

శ్రీకాకుళం_చిన్నది · శనివారం మధ్యాహ్నం 3:25

నేనుండేది కూకట్‌పల్లిలో, మాది శ్రీకాకుళం. 10 రూపాయల నోటు మాకు చుట్టరికమే.

కోణార్క్ కట్టించింది తూర్పు గంగవంశపు నరసింహదేవుడు, 13వ శతాబ్దంలో. ఆ గంగరాజులు ఒడిశాలోని కటకం వెళ్లకముందు ఏలింది మా ముఖలింగం నుంచే. అప్పుడు దాని పేరు కళింగనగరం. ఇప్పటికీ వంశధార ఒడ్డున ముఖలింగేశ్వరుడి గుడికి వెళ్తే ఆ చెక్కడంలో కోణార్క్ వాసన తగుల్తుంది. సింహాచలం గుడిని మళ్లీ కట్టించింది కూడా ఆ నరసింహదేవుడి కాలంలోనే. మాకు సూర్యుడంటే అరసవల్లి. రథసప్తమికి నాన్నగారి భుజం మీద కూర్చుని క్యూలో నిలబడ్డం నాకింకా గుర్తుంది.

కోణార్క్ గుడంతా సూర్యుడి రథం. 24 చక్రాలు, ఏడు గుర్రాలు. ఒక్కో చక్రం మనిషి కంటే ఎత్తు, దాదాపు 3 మీటర్లు. చక్రం ఆకులు ఎనిమిది లావువి, వాటి మధ్య ఎనిమిది సన్నవి. నోటు మీద లెక్కపెట్టమనండి పాపని, సరిపోతాయి. దగ్గరికెళ్తే లావు ఆకుల మీద గుండ్రటి బిళ్లల్లో చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి, అవి నోటు మీద తెలీవు. ప్రధాన గోపురం ఎప్పుడో పడిపోయింది. ముందరి మండపం కూడా పడిపోతుందేమోనని 1903లో లోపలంతా ఇసుక నింపి తలుపులు మూసేశారు. అంచేత లోపలికి వెళ్లలేం, బయటే చూడాలి. అమ్మగారికి అదే మేలు, ఎక్కే పని ఉండదు. ఎండాకాలం మాత్రం వద్దండి, ఆ రాళ్ల మధ్య ఉప్పుగాలికి, వేడికి తట్టుకోలేరు.

---

ఉలి_సుత్తి · శనివారం సాయంత్రం 6:45

నేను పాత కట్టడాల మరమ్మతు పనులు చేస్తుంటాను. మా నాన్న, తాత కూడా రాయి పనే. 50 రూపాయల నోటు గురించి ఒక మాట.

హంపి రథాన్ని అందరూ ఏకశిల అంటారు. కాదు. ముక్కలు ముక్కలుగా చెక్కి, అతుకు కనపడకుండా కలిపారు. విఠలుడి గుడి ముందున్న గరుత్మంతుడి గుడి అది. పైన ఒకప్పుడు ఇటుకల గోపురం కూడా ఉండేది. 1856లో తీసిన ఫొటోలో కనిపిస్తుంది, తర్వాత పోయింది. చక్రాలు ఒకప్పుడు తిరిగేవి. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ తిప్పడంతో ఇరుసు అరిగిపోతోందని బిగించేశారు. ఇప్పుడు చుట్టూ కంచె ఉంది. దూరం నుంచే చూడాలి, దానికి బాధపడొద్దు.

పాపకు నేను చూపించమనేది వేరే. హంపిలో ఏ గుండు దగ్గరికి వెళ్లినా రాయి మీద వరుసగా జానెడు జానెడు దూరంలో చిన్న గుంతలు కనిపిస్తాయి. అక్కడ రాయి చీల్చారన్నమాట. గుంతల్లో చీలలు దిగ్గొట్టి, వరుసగా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతే రాయి గీత గీసినట్టు విడిపోతుంది. ఏ దెబ్బకు విడిపోతుందో చప్పుడు మారినప్పుడు తెలుస్తుంది. మా తాత కళ్లు మూసుకుని చెప్పేవాడు. సగం చీల్చి వదిలేసిన గుండ్లు కూడా ఉన్నాయి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఊరంతా పాడైంది గదా, ఆ గుండ్లు చూసినప్పుడల్లా నాకు ఆ పొద్దున సుత్తి కింద పెట్టి వెళ్లినవాడే గుర్తొస్తాడు.

రాచనగరులో మెట్ల కోనేరు ఒకటి తవ్వకాల్లో బయటపడింది. నల్లటి రాతి మెట్లు. వాటి మీద చిన్న అక్షరాలు, గీతలు ఉంటాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో రావాలో పనివాళ్లు వేసుకున్న గుర్తులు. వేరేచోట చెక్కి తెచ్చి ఇక్కడ పేర్చారు. రాజుల పేర్లు శాసనాల్లో ఉంటాయి, మావాళ్ల రాత ఇదే.

మన దుర్గం చెరువు గుండ్లూ, గోల్కొండ గుట్టా హంపి గుండ్ల జాతే, గ్రానైటు. ఇంట్లోంచి బయటికొస్తే హంపి రాయే. పగలగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నాం.

---

పాతబస్తీ_పోరడు · శనివారం రాత్రి 8:10

ఉలి అన్నా, చార్మినార్ గచ్చు ముక్క 2019 మే నెలల ఊడిపడ్డది గదా. సిమెంటు పెట్టి అతికిస్తే ఉండదా?

---

ఉలి_సుత్తి · శనివారం రాత్రి 9:00

అదే చేయకూడదు తమ్ముడూ. డంగు సున్నం ఊపిరి తీసుకుంటుంది. వానకు తడిసిన గోడ ఆ సున్నం గుండానే ఆరుతుంది. మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఇరుక్కుని, ఉప్పు పేరుకుని, నాలుగేళ్లకు పాత గచ్చును కూడా పట్టుకుని ఊడొస్తుంది. పాత పద్ధతిలో సున్నం నానబెట్టి, గానుగలో ఇసుకతో నూరి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలుపుతారు. వారాలు పడుతుంది. నూరిన సున్నం వేళ్ల మధ్య వెన్నలా జారితే తయారైనట్టు. ఇసుక గరగర తగిలితే మళ్లీ గానుగకే. తొందరపడేవాడికి ఈ పని రాదు.

---

తెనాలి_నుంచి · ఆదివారం ఉదయం 7:40

సాంచిని వదిలేశారు. 200 నోటు తీసి చూడండి, స్తూపం ముందు తోరణం ఉందా? స్తూపం అసలు అశోకుడి కాలం నాటిది, తర్వాత దాన్ని రాతితో పెంచారు. తోరణాలు వచ్చింది శాతవాహనుల కాలంలో. దక్షిణ తోరణం మీద శాసనం ఉంది: శాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద ఆనందుడి దానం అని. విదిశ దంతపు పనివాళ్లు చెక్కింది కూడా అక్కడే రాసుకున్నారు. ఏనుగు దంతం చెక్కే చేతులు రాయి చెక్కితే ఎలా ఉంటుందో ఆ సన్నదనంలో కనిపిస్తుంది. అందులో బుద్ధుడి బొమ్మ ఎక్కడా ఉండదు. బోధివృక్షం, పాదాలు, ఖాళీ ఆసనం, వీటితోనే ఆయన ఉన్నాడని చెబుతారు.

మా పక్కనే అమరావతి. అంతటి స్తూపమే. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కట్టిస్తూ దిబ్బలోంచి రాళ్లు తీయించారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూసేసరికే చాలా పోయింది. మిగిలిన పలకల్లో మంచివి లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. నేను చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఆ పలకల ముందు నిలబడి, మా ఊరి రాయిని చూడటానికి టికెట్టు కొన్నానే అని ఏడ్చాను. సాంచి నిలబడింది, మాది నిలబడలేదు. పాపకు రెండూ చెప్పండి.

---

మోడరేటర్ · ఆదివారం ఉదయం 9:30

ఏ మతం వాళ్లు ఏం కూల్చారనే వాదనతో వచ్చిన రెండు పోస్టులు తొలగించాను. ఆ చర్చకు వేరే చోటుంది. ఇక్కడ ఒక పాప అడిగిన ప్రశ్నకు జవాబులు రాస్తున్నాం.

---

కొండాపూర్_సంచారి · ఆదివారం ఉదయం 10:15

ఎర్రకోట కోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. ఢిల్లీలో పెళ్లో పనో పడినప్పుడు చూడొచ్చు. షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648కి పూర్తి చేశాడు, సోమవారం సెలవు. ఆలోపు గోల్కొండ చూపించండి. కోట ముఖద్వారం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. పాపను పైకి పంపి మీరు కింద నిలబడి కొట్టండి. ఒక్క విన్నపం: గోడల మీద పేర్లు చెక్కేవాళ్లు కనబడితే చూస్తూ ఊరుకోకండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉందని చట్టం చెబుతోంది. పోయిన నెల ఒక కుర్రాడికి ఆ మాట నెమ్మదిగా చెబితే తాళంచెవి జేబులో పెట్టేసుకున్నాడు.

---

చిక్కడపల్లి_టీచరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 12:05

అందరూ దూరాలు చెబుతున్నారు. రామప్పను మరచిపోకండి. 1213 నాటి గుడి, కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో తెలంగాణ నుంచి మొదటిసారి యునెస్కో జాబితాకెక్కింది. గుడి ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద నిలబడ్డ మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, మాత్రం నల్లరాయి. అద్దంలా మెరుస్తాయి. గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పొద్దున వెళ్తే రాత్రికి ఇంటికి రావచ్చు. ఏ నోటు మీదా లేదు, అయినా ముందు ఇదే చూపించినా నేను కాదనను.

---

బోడుప్పల్_నాన్న · ఆదివారం రాత్రి 9:20

అందరికీ చేతులెత్తి దండం. ఈరోజు పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లొచ్చాం. టీచర్ గారూ, ఆ తామరపువ్వు బొమ్మ ముందు అమ్మ చాలాసేపు కదల్లేదు. "ఈయన ఎవర్రా, ఇంత దిగులుగా ఉన్నాడు" అంది. పాప మాత్రం "దిగులు కాదు నానమ్మా, ఎవరో చెప్పేది వింటున్నాడు" అంది. దారంతా ఇద్దరూ దాని మీదే వాదన.

అక్కడి నుంచి బన్సీలాల్‌పేట. లైట్లు వేసేదాకా కూర్చున్నాం. అమ్మ మోకాళ్లు నొప్పి అంటూనే ఎనిమిది మెట్లు దిగింది, లెక్కపెట్టాను. చెయ్యి చాచి నీళ్లు అందుతాయేమో చూసింది, అందలేదు.

ఎల్లోరాకే ఖాయం చేశాం. దసరా సెలవుల్లో, రెండు రోజులు అక్కడే. కాచిగూడ నుంచి టికెట్లు తీశాను, అమ్మకు కింది బెర్తు దొరికింది. మంగళవారం తప్పించాం. పాప 20 రూపాయల నోటు ఒకటి కొత్తది అడిగి తీసుకుని నోట్‌బుక్కులో పెట్టుకుంది, అక్కడికెళ్లి గుడి ముందు పట్టుకుని ఏ వైపు నుంచి చూస్తే ఆ బొమ్మ వస్తుందో కనుక్కుంటుందట. సంచారి అన్నా, మీకు ఆ చోటు తెలిస్తే ఇప్పుడే చెప్పకండి.